ఇంజను చప్పుడుతో హార్స్ పవర్ లెక్క

పోయిన నెల మన గోడ పత్రికలో తేనెటీగల మీద వ్యాసం వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఈ నెల సైన్సు మూల నా వంతు. సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్లో నేను చేసిన ఒక కొలత గురించి రాస్తున్నాను. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక ఫోను, ఒక టేపు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. గుణకారం, భాగహారం తప్పు లేకుండా రావాలి, అంతే.

ఎందుకు కొలవవలసి వచ్చింది

మా మామకు ఒక పాత ఓమ్ని వ్యాను ఉంది. సంత రోజున జనాన్ని తీసుకెళ్తాడు. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పాడేరు ఆస్పత్రికి కూడా ఆ వ్యానే దిక్కు. మా ఊరు లోయలో ఉంది. ఆస్పత్రికి వెళ్లాలంటే ఎక్కుడు ఎక్కాలి. పైన కొండ మీది గూడేల వాళ్లు రోగిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. అక్కడి నుంచి వ్యాను.

పోయిన వానాకాలం తర్వాత వ్యాను ఎక్కుడు లాగడం మానేసింది. ఇదివరకు మూడో గేరులో ఎక్కే చోట రెండో గేరు వెయ్యాలి. మలుపుల దగ్గర మొదటి గేరు. ఒక రాత్రి నొప్పులు పడుతున్న మా పక్కింటి పిన్నిని తీసుకెళ్తుంటే మలుపులో ఆగిపోయింది. మగవాళ్లంతా దిగి తోశారు. దేవుడి దయవల్ల పిన్నీ బిడ్డా బాగానే ఉన్నారు. కానీ మామ మనసులో ఆ భయం ఉండిపోయింది.

టౌనులో మెకానిక్కుకి చూపిస్తే, "ఇంజనులో పవర్ పోయింది. దించాలి, పిస్టన్లు, రింగులు మార్చాలి, ఇరవై ఐదు వేలు అవుద్ది" అన్నాడు. కాఫీ అమ్మిన డబ్బు రాగానే జనవరి ఆఖరుకు బండి అప్పగిస్తానని మామ మాటిచ్చేశాడు. అది మా అత్త కమ్మలు విడిపించుకోవడానికి దాచుకుంటున్న డబ్బు.

నేను ఈ సంగతి మన పి.ఎస్. సారుకు చెప్పాను. సారు ఒక్కటే అడిగారు: "పవర్ పోయింది అన్నారు కదా, ఎంత పోయింది? ఎవరైనా కొలిచారా?" నా దగ్గర జవాబు లేదు. అప్పుడు సారు ఈ పద్ధతి చెప్పి, సెలవుల్లో ఏమేం రికార్డు చెయ్యాలో కాగితం మీద రాసిచ్చారు.

సామర్థ్యం అంటే ఏమిటి?

మనం మాటల్లో బలం, శక్తి, పవర్ అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం. సైన్సులో వేరు వేరు. ఒక సెకనులో ఎంత పని జరిగిందో అదే సామర్థ్యం. దాన్ని వాట్లలో కొలుస్తారు. వెయ్యి వాట్లు ఒక కిలోవాటు.

ముందు మనల్ని మనమే కొలుచుకుందాం. మన హాస్టలు మెట్లు 20. ఒక్కో మెట్టు 15 సెం.మీ. అంటే మొత్తం ఎత్తు 3 మీటర్లు. నా బరువు 42 కిలోలు. పరిగెత్తి ఎక్కితే నాకు 4 సెకన్లు పట్టింది.

42 × 9.8 × 3 ÷ 4 = 309 వాట్లు.

స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ వాట్ (1736–1819) తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పడానికి హార్స్ పవర్ అనే కొలత పెట్టాడు. నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపితే ఒక హార్స్ పవర్. మన లెక్కలో అది 746 వాట్లు. అంటే మెట్లెక్కేటప్పుడు నేను దాదాపు 0.4 గుర్రం. నవ్వకండి, మీరూ అంతే!

ఇంజను సామర్థ్యం కొలవడానికి 1821లో ఫ్రాన్సు ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ ఒక ఉపాయం కనిపెట్టాడు. తిరిగే ఇరుసును రెండు దిమ్మల మధ్య బిగించి, అంటే బ్రేకు వేసి, ఆ బ్రేకు మీద ఎంత బలం పడుతోందో తూచాడు. బ్రేక్ హార్స్ పవర్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఈ బ్రేకు మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మన దగ్గర అలాంటి యంత్రం లేదు. కానీ ఒక బండి బరువు తెలిసి, ఒక సెకనులో దాని వేగం ఎంత పెరిగిందో తెలిస్తే, ఇంజను ఎంత పని చేసిందో లెక్కగట్టవచ్చు. మామ వ్యానులో స్పీడు ముల్లు ఏనాడో విరిగిపోయింది. మరి వేగం ఎలా తెలుస్తుంది? చప్పుడు ద్వారా.

చప్పుడులో ఏముంది?

పెట్రోలు ఇంజనులో ఒక్కో సిలిండరులో ఒక్కో పేలుడు జరిగినప్పుడల్లా పొగగొట్టంలోంచి ఒక 'డబ్' వస్తుంది. అవి వరసగా రావడం వల్ల మనకు ఒకే మోతలా వినిపిస్తుంది. సెకనుకు ఎన్ని 'డబ్'లో దాన్నే పౌనఃపున్యం అంటాం, హెర్ట్జ్‌లలో చెప్తాం.

మామ వ్యాను ఇంజనుకు మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను. అంటే ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. మూడు సిలిండర్లు కలిపి రెండు చుట్లకు మూడు 'డబ్'లు. ఒక చుట్టుకు ఒకటిన్నర. అందువల్ల:

నిమిషానికి చుట్లు = హెర్ట్జ్ × 40.

బండి ఆగి ఊరికే తిరుగుతున్నప్పుడు 22, 23 హెర్ట్జ్ ఉంటుంది, అంటే నిమిషానికి 900 చుట్లు. గట్టిగా తొక్కితే 100 హెర్ట్జ్, అంటే 4000 చుట్లు.

ఫోనులో రికార్డు చేసిన చప్పుడును మన కంప్యూటరు గదిలో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో తెరిస్తే, చప్పుడు ఒక గీతలా కనిపిస్తుంది. బాగా పెద్దది చేసి చూస్తే కొండల వరస లాగ శిఖరాలు కనబడతాయి. ఒక్కో శిఖరం ఒక 'డబ్'. పది శిఖరాలకు ఎంత కాలం పట్టిందో చూసి, పదిని దాంతో భాగిస్తే హెర్ట్జ్ వచ్చేస్తుంది. ఉదాహరణకు పది శిఖరాలకు 0.128 సెకను పడితే 10 ÷ 0.128 = 78 హెర్ట్జ్.

ఇంకో తమాషా కూడా చూశాను. శిఖరాలన్నీ ఒకేలా ఉండవు. మూడేసి శిఖరాలకొకసారి అదే ఆకారం మళ్లీ వస్తుంది, ఎందుకంటే మూడు సిలిండర్లు అచ్చం ఒకేలా ఉండవు. ఒక సిలిండరు మండకపోతే మూడింటిలో ఒక శిఖరం మాయమైపోవాలి. మామ ఇంజనులో ఏదీ మాయం కాలేదు. మూడూ మండుతున్నాయి.

చప్పుడు నుంచి వేగం

గేరు మార్చకుండా ఉన్నంతసేపు ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే చక్రం దానికి తగ్గట్టే తిరుగుతుంది. క్లచ్ జారకూడదు, అంతే. కాబట్టి ఒక్కసారి సరిచూసుకుంటే చాలు.

రోడ్డు పక్కన 200 మీటర్లకొక రాయి ఉంటుంది కదా. మామ రెండో గేరులో ఒకే మోతతో, అటూ ఇటూ కాకుండా, ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా నడిపాడు. రాయి దాటినప్పుడల్లా నేను ఫోనులో "ఆ!" అని అరిచాను. ఆ అరుపూ రికార్డు అయింది. రెండు అరుపుల మధ్య 25 సెకన్లు. అంటే వేగం సెకనుకు 8 మీటర్లు. అప్పుడు ఇంజను 78 హెర్ట్జ్.

8 ÷ 78 = 0.1026.

అంటే రెండో గేరులో ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు 0.1026 మీటరు. ఇక ఇంజను మోత వింటే చాలు, వేగం చెప్పేయవచ్చు.

బండి బరువు కోసం లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాం. మామ, నేను లోపల ఉండగా 920 కిలోలు వచ్చింది. కాటా అతను "ఖాళీ బండిని తూచుకుని ఏటి చేస్తావు బాబూ" అని నవ్వాడు గానీ డబ్బులు తీసుకోలేదు.

మొదటి రికార్డింగు: గట్టిగా తొక్కడం

జనవరిలో మా వైపు పొద్దున్న మంచు తెలుసు కదా, ఎదురుగా గేదె ఉన్నా కనబడదు. అందుకే మంచు విడిచాక, తొమ్మిదింటికి, సంత లేని రోజున, ఊరి బయట తిన్నగా సమంగా ఉన్న రోడ్డు మీద చేశాం. నడిపింది మామే. రెండో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఉండగా నేను "తొక్కు మామా" అంటాను, ఆయన యాక్సిలరేటరు పూర్తిగా తొక్కుతాడు. మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. వెంటనే వదిలేస్తాడు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు చేశాం. రోడ్డు కొంచెం వాలుగా ఉన్నా, గాలి వీచినా రెండు వైపులా సగటు తీస్తే సరిపోతుందని సారు చెప్పారు.

సెలవులయ్యాక స్కూలుకొచ్చి ఆడాసిటీలో చదివితే సగటున ఇలా వచ్చింది:

మొదట: పది శిఖరాలకు 0.112 సెకను, అంటే 89 హెర్ట్జ్. వేగం 9.13 మీ/సె.
ఒక సెకను తర్వాత: పది శిఖరాలకు 0.098 సెకను, అంటే 102 హెర్ట్జ్. వేగం 10.47 మీ/సె.

గతిశక్తి సూత్రం తొమ్మిదో తరగతిలో చదువుకున్నాం: సగం × ద్రవ్యరాశి × వేగం × వేగం. 920లో సగం 460.

మొదట ఉన్న గతిశక్తి: 460 × 9.13 × 9.13 = 38,344 జౌళ్లు.
సెకను తర్వాత: 460 × 10.47 × 10.47 = 50,426 జౌళ్లు.
పెరిగింది సుమారు 12,100 జౌళ్లు. ఒక్క సెకనులో పెరిగింది కాబట్టి 12,100 వాట్లు, అంటే 12.1 కిలోవాట్లు.

746తో భాగిస్తే 16 హార్స్ పవర్.

నా తప్పు

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే ఈ రకం ఇంజను కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 35 హార్స్ పవర్ అని కంపెనీ లెక్క. పదహారు అంటే సగం కూడా లేదు. మెకానిక్కు చెప్పిందే నిజం, అత్త కమ్మలు ఇక రావు అనుకున్నాను.

సారుకు నోటుబుక్కు చూపించాను. సారు లెక్క అంతా చూసి, "గుణకారాలు సరిగానే ఉన్నాయి. కానీ రెండు విషయాలు మర్చిపోయావు" అన్నారు.

ఒకటి, 35 అన్నది నిమిషానికి 5000 చుట్ల దగ్గర, ఇంజను దగ్గరే కొలిచింది. నేను కొలిచింది 3800 చుట్ల దగ్గర, చక్రాల దగ్గర. మధ్యలో గేర్లు, ఇరుసులు కొంత తినేస్తాయి. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకూడదు.

రెండోది పెద్దది. ఇంజను చేసిన పని అంతా వేగం పెంచడానికే పోలేదు. టైర్ల ఘర్షణ, ఎదురుగాలి, వీటిని కూడా ఇంజనే తోసుకుంటూ పోవాలి. ఆ పని నా లెక్కలో లేదు. అది తెలియాలంటే రెండో రికార్డింగు కావాలి. సారు కాగితంలో అది కూడా రాశారు, నేను రికార్డు చేశాను కూడా, కానీ "పవర్ కదా కావలసింది, ఇదెందుకు" అని లెక్క కట్టకుండా వదిలేశాను. అసలు రహస్యం అందులోనే ఉంది.

రెండో రికార్డింగు: బండిని వదిలేయడం

గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేస్తే బండి దానంతట అది నెమ్మదిస్తుంది. ఎంత తొందరగా నెమ్మదిస్తే ఎదురు బలం అంత ఎక్కువ. కానీ గేరు తీశాక ఇంజను మోతకూ బండి వేగానికీ సంబంధం ఉండదు. అప్పుడు వేగం ఎలా?

చిన్నప్పుడు సైకిలు చువ్వలకు అట్టముక్క పెట్టి టకటకలాడించాం కదా. అలాంటిదే. టైరు గాడిలో ఒక చిన్న కంకర రాయి ఇరికించాం. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అది రోడ్డుకు తగిలి 'టక్' మంటుంది. చక్రం మీద సుద్దతో గీత గీసి, బండిని ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిస్తే 1 మీటరు 66 సెం.మీ. వచ్చింది. పది టక్కులకు 16.6 మీటర్లు. నేను వెనక కూర్చుని ఫోనును చక్రం పైన ఉండే రేకుకు దగ్గరగా పట్టుకున్నాను.

మొదటి పది టక్కులకు 1.80 సెకన్లు: వేగం 9.22 మీ/సె.
6 సెకన్ల తర్వాత పది టక్కులకు 2.59 సెకన్లు: వేగం 6.41 మీ/సె.

6 సెకన్లలో 2.81 తగ్గింది. సెకనుకు 0.468. బలం = ద్రవ్యరాశి × త్వరణం:

920 × 0.468 = 430 న్యూటన్లు.

ఇప్పుడు ఇంజను మొత్తం లెక్క: 430 న్యూటన్ల ఎదురుబలాన్ని సెకనుకు 9.8 మీటర్ల సగటు వేగంతో తోసుకుపోవడానికి 430 × 9.8 = 4,200 వాట్లు. దాన్ని 12,100కు కలిపితే 16,300 వాట్లు. అంటే 22 హార్స్ పవర్. చక్రాల దగ్గర, 3800 చుట్ల దగ్గర, ఇన్నేళ్లు నడిచిన ఇంజనుకు ఇది చచ్చిపోయిన ఇంజను అంకె కాదు.

కనబడని ఆరుగురు

కానీ సారు 22 దగ్గర ఆగలేదు. 430 కింద ఎర్ర గీత గీశారు. "ఇది ఎక్కువ" అన్నారు.

ఎంత ఉండాలి? తారు రోడ్డు మీద టైర్ల ఘర్షణ బండి బరువులో సుమారు వందో వంతు నుంచి వందకు ఒకటిన్నర వంతు దాకా ఉంటుంది. మన బండి బరువు 920 × 9.8 = 9,016 న్యూటన్లు. వందకు ఒకటిన్నర చొప్పున 135. ఆ వేగానికి ఎదురుగాలి ఇంకో 40 దాకా. మొత్తం 175. మనకు వచ్చింది 430. దాదాపు 250 న్యూటన్లు ఎవరో వెనక్కి లాగుతున్నారు!

250 న్యూటన్లు అంటే ఎంత? పదిహేను మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగే ఎక్కుడు అనుకుందాం. ఆ ఎక్కుడులో ఒక్కో కిలో బరువూ 9.8 ÷ 15 = 0.653 న్యూటన్లతో వెనక్కి లాగుతుంది. 250ని దాంతో భాగిస్తే 380 కిలోలు. మా వ్యానులో ప్రతి ట్రిప్పుకీ కనబడని మనుషులు ఆరుగురు ఎక్కి కూర్చుంటున్నారన్న మాట. వాళ్లను కూడా మోస్తూ ఇంజను పిన్నిని ఆస్పత్రికి లాగింది.

ఆదివారం వార్డెన్ సారు ఇంటికి ఫోను చేసుకోనిచ్చారు. నేను మామతో, "మామా, వెనక చక్రాలు జాకీ ఎత్తి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు దించి, చేత్తో తిప్పి చూడు" అన్నాను. మామ, "ఏటిరా అల్లుడూ, ఇంజను సంగతి చెప్తావనుకుంటే చక్రాల సంగతి చెప్తున్నావు" అన్నాడు. సాయంత్రం మళ్లీ ఫోను చేస్తే ఆయన గొంతు మారిపోయింది. ఎడమ వెనక చక్రం చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదంట.

జరిగింది ఇదీ. వానాకాలంలో నీళ్లు చేరి హ్యాండ్ బ్రేకు కేబులు గొట్టంలోనే తుప్పు పట్టింది. లివరు దించినా కేబులు పూర్తిగా వెనక్కి రావడం లేదు. బ్రేకు షూ డ్రమ్మును ఎప్పుడూ రాసుకుంటూనే ఉంది. ఎక్కుడులో కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు అనుకునేవాళ్లం. ప్రోనీ గారు ఇంజనును కొలవడానికి బ్రేకు వేశాడు. మేము తెలియకుండా బ్రేకు వేసుకుని, ఇంజను పాడైందనుకున్నాం.

మళ్లీ కొలత

అదే మెకానిక్కు కేబులు, షూలు మార్చి, పన్నెండు వందలు తీసుకున్నాడు. శివరాత్రికి ఇంటికెళ్లినప్పుడు మళ్లీ రెండు రికార్డింగులూ చేశాం. కాటా మీద బరువు అంతే ఉంది.

వదిలేసిన పరుగు: మొదట 9.22 మీ/సె. 6 సెకన్ల తర్వాత పది టక్కులకు 2.07 సెకన్లు, అంటే 8.02 మీ/సె. సెకనుకు 0.2 మాత్రమే తగ్గింది. బలం 184 న్యూటన్లు. 430 ఎక్కడ, 184 ఎక్కడ!

తొక్కిన పరుగు: 89 హెర్ట్జ్ నుంచి ఒక సెకనులో 104 హెర్ట్జ్‌కు వెళ్లింది. ఇదివరకు 102. గతిశక్తి లెక్క 14 కిలోవాట్లు, ఎదురుబలం లెక్క 1.8 కిలోవాట్లు. మొత్తం 15.8 కిలోవాట్లు, అంటే 21 హార్స్ పవర్.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. మొదట 22, ఇప్పుడు 21. ఇంజను సామర్థ్యం పెరగలేదు! ఆ ఒక్క అంకె తేడా మన కొలతలో ఉన్న పొరపాటు. పది శిఖరాల కాలం ఒక్క మిల్లీసెకను తప్పు చదివితే కిలోవాటు దాకా తేడా వస్తుంది. ఇంజను అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అయినా వ్యాను ఇప్పుడు మూడో గేరులో ఎక్కుతోంది. పోయింది సామర్థ్యం కాదు, అది ఖర్చవుతున్న చోటు మనకు తెలియలేదు.

మెకానిక్కుది తప్పు అని నేను అనను. ఆయన చెవితో విని, అనుభవంతో చెప్పాడు. ఇంజను పాతదే, కొంచెం ఆయిలు తాగుతుంది, ఏదో ఒక రోజు దించాల్సి రావచ్చు. కానీ ఆ రోజు ఎప్పుడో తెలియడానికి ఇప్పుడు మా దగ్గర ఒక అంకె ఉంది. ప్రతి సంక్రాంతికీ ఇదే రోడ్డు మీద, ఇదే రెండో గేరులో కొలుస్తాను. 21 కాస్తా 15 అయితే అప్పుడు నేనే మామకు చెప్తాను.

జాగ్రత్తలు

1. మనం విద్యార్థులం. బండి నడిపేది లైసెన్సు ఉన్న పెద్దవాళ్లే. రోడ్డు ఖాళీగా, పొడిగా ఉండాలి. పశువులు, పిల్లలు ఉంటే చేయవద్దు.
2. న్యూట్రల్ పరుగు సమమైన రోడ్డు మీదే చెయ్యాలి. ఘాటీ దిగేటప్పుడు గేరు తీయడం ప్రాణాలకు ప్రమాదం.
3. ప్రతి కొలతా రెండు వైపులా మూడేసిసార్లు. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మవద్దు.
4. బరువు అంచనా వేయవద్దు, తూచండి. బరువు పదో వంతు తప్పితే జవాబూ పదో వంతు తప్పుతుంది.
5. శిఖరాలు లెక్కించేటప్పుడు చిన్న శిఖరాలను కూడా కలిపేస్తే హెర్ట్జ్ రెట్టింపు వస్తుంది. బండి ఆగి ఉన్నప్పటి చప్పుడు ముందు చదివి, 22 దగ్గర వస్తోందో లేదో సరిచూసుకోండి.
6. బ్రేకు పని మెకానిక్కుదే. మనం కొలవడం వరకే.

మీరు చేయవలసిన లెక్కలు

1. ఒక సిలిండరు, నాలుగు స్ట్రోకుల మోటారు సైకిలు చప్పుడులో పది శిఖరాలకు 0.25 సెకను పట్టింది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది?
2. ఒక సిలిండరు, నాలుగు స్ట్రోకుల డీజిలు పంపు నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోంది. సెకనుకు ఎన్ని 'డబ్'లు వినిపిస్తాయి?
3. మీ బరువు తూచుకుని, హాస్టలు మెట్లు ఎక్కి, మీరు ఎంత హార్స్ పవరో లెక్కగట్టండి. గాబరాగా పరిగెత్తి పడకండి, వార్డెన్ సారు నన్ను తిడతారు.

జవాబులు వచ్చే సంచికలో రాస్తాను. ముందే చేసినవాళ్లు నాకు చూపించవచ్చు.

మా అత్త ఉగాదికి కమ్మలు పెట్టుకుంటానంది. లెక్కల్లో తప్పులుంటే పెన్సిలుతో పక్కన రాయండి, సరిదిద్దుకుంటాను.

ఇట్లు
మీ స్నేహితుడు
10వ తరగతి, బి సెక్షన్